అన్నయ్య పట్టాలు తీసేసిన ఆదివారాలు

దెయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. భీమవరంలో ఒక ఆక్వా ల్యాబులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రైతులు చెరువుల నుంచి నీళ్లూ రొయ్యలూ తెస్తారు. పరీక్ష చేసి, జబ్బు ఉందో లేదో రాసి, సంతకం పెట్టి ఇస్తాను. "మా చెరువుకి దిష్టి తగిలిందండి మేడమ్" అని ఒకాయన అంటే, "దిష్టి కాదండీ, నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది" అని చెప్పి పంపినదాన్ని. ఈరోజు అడిగినా అదే చెబుతాను.

అందుకే ఈ సంగతి రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెలిసినంతవరకూ జరిగింది జరిగినట్టు రాస్తాను. తెలియనిచోట తెలియదనే రాస్తాను.

మాది ద్రాక్షారామం దగ్గర చిన్న ఊరు. నాన్న స్కూలు మాస్టారు. అమ్మ మా చిన్నతనంలోనే పోయింది. అన్నయ్య ప్రభాకర్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాడు పాలిటెక్నిక్ చదివేటప్పుడు ఇంటికో పాత కంప్యూటరు వచ్చింది. దాంతోపాటే రైళ్ల గేమ్ కూడా వచ్చింది.

ఆ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. గడులుగా గీసిన ఖాళీ నేలా, అక్కడక్కడా ఊళ్లూ ఉంటాయి. మనం ఒక రైల్వే కంపెనీ పెట్టుకుని పట్టాలు వెయ్యాలి, స్టేషన్లు కట్టాలి, ఇంజన్లు కొనాలి. బండ్లు నిండితే కంపెనీ పెరుగుతుంది. నిండకపోతే మూతపడుతుంది. అంతే.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, అన్నయ్యా నేనూ దాని ముందు కూర్చునేవాళ్లం. నేను వేసే లైన్లు ఎప్పుడూ తిన్నగా ఉండేవి. దారిలో ఇళ్లుంటే కూల్చేసేదాన్ని. అన్నయ్య ఊరంతా చుట్టి తిప్పేవాడు.

"ఇళ్లు పోతాయే" అనేవాడు.

"బొమ్మ ఇళ్లేగా."

"అయినా సరే" అనేవాడు. వాడి లైను ఎప్పుడూ నా లైను కంటే ఆలస్యంగా పూర్తయ్యేది.

పెళ్లిళ్లయ్యాక వాడు రాజమండ్రిలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాడు. నేను భీమవరం వచ్చేశాను. అప్పటికి అలాంటి ఆటలు ఇంటర్నెట్‌లో ఎక్కడివాళ్లు అక్కడ ఉండి ఆడుకునేలా వచ్చాయి. కిరణ్ అని అన్నయ్య దగ్గర చదువుకున్న కుర్రాడు విశాఖలో ఉద్యోగం చేస్తూ, తన సర్వర్లో మా ఇద్దరి కోసం ఒక మ్యాపు పెట్టిచ్చాడు.

ఆ మ్యాపు అన్నయ్య చేతి పని. గోదావరి జిల్లాలు మొత్తం వాడే గీశాడు. ధవళేశ్వరం దిగువన ఏరు ఎక్కడెక్కడ చీలుతుందో, ఏ పాయ మీద ఏ రేవు ఉంటుందో పటం పక్కన పెట్టుకుని మూడు నెలలు కూర్చుని గీశాడు. కోనసీమకి రైలు వస్తుందని మా తాతల దగ్గర్నుంచీ వింటున్నదే. "వాళ్లు వేసేలోపు మనం వేసేద్దాం" అన్నాడు. కోటిపల్లి దగ్గర గౌతమి మీదా, అమలాపురం అవతల వైనతేయ మీదా వాడు వంతెనలు కట్టాడు. నరసాపురం దగ్గర వశిష్ఠ మీద నేను కట్టాను. రెండు లైన్లనీ రాజోలులో కలిపాం. నా కంపెనీ పడమర, వాడిది తూర్పు. ఒకరి పట్టాల మీద ఇంకొకరి బండ్లు తిప్పుకునేవాళ్లం. భీమవరంలో బయల్దేరిన నా ప్యాసింజరు బండి వాడి పట్టాల మీదుగా రాజమండ్రి చేరేది. లైను కలిసిన రోజు వాడు ఫోన్ చేసి, "కాజాలు తెచ్చి పంచవే, జంక్షన్ ఓపెనింగు" అన్నాడు.

ఇక నాన్న సంగతి. షుగరు పెరిగి కాలి బొటనవేలికి పుండు పడింది. నేను వెళ్లి చూసేసరికి నల్లబడి పైకి పాకుతోంది. మోకాలి కింద దాకా తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీయించమని అన్నయ్యకి చెప్పి వచ్చాను. నాన్న వాడి దగ్గరే ఉండేవారు. రేపు, ఎల్లుండి అంటూ వాడు మూడు వారాలు సాగదీశాడు. ఫోన్ చేస్తే, "చూద్దాంలే" అనేవాడు. నాలుగో వారం విషం ఒళ్లంతా పాకి నాన్న పోయారు.

భూస్థాపన రోజు సమాధుల తోటలో, పాస్టరు గారి ప్రార్థన అయ్యాక, మట్టి వెయ్యడానికి అన్నయ్య ముందుకొచ్చాడు. ఊరంతా ఉంది. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

"నువ్వు వెయ్యకు. నాన్నని చంపింది నువ్వే" అన్నాను.

గట్టిగానే అన్నాను. అందరికీ వినపడింది. అన్నయ్య నా వంక చూసి, చేతిలో మట్టి కింద పోసి, వెనక్కెళ్లి నిలబడ్డాడు. మా నాన్న సమాధిలో మా అన్నయ్య మట్టి వెయ్యలేదు.

ఆ రోజు నుంచీ వాడు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఐదేళ్లు.

కానీ మ్యాపులోకి మాత్రం వచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నేను తెరిచేసరికి వాడి కంపెనీ పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూ ఉండేది. ఆ ఆటలో రాసి మాట్లాడుకునే వీలుంది. ఒక్క అక్షరం రాసేవాడు కాదు. నేను రాసేదాన్ని కాదు. వాడి పని వాడిది, నా పని నాది. నా ప్యాసింజరు మాత్రం వాడి పట్టాల మీద రాజమండ్రి వెళ్లి వస్తూనే ఉండేది. ఆపాలనుకుంటే ఒక్క నొక్కుతో ఆపెయ్యొచ్చు. వాడు ఆపలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, వారమంతా నేను దాని కోసమే చూసేదాన్ని.

రెండేళ్ల కిందట, ఎండలు ముదిరే రోజుల్లో, రెండు మూడు వారాలు వాడి చుక్క కనపడలేదు. ఏదో పనిలో ఉన్నాడనుకున్నాను. తర్వాత ఒక ఆదివారం వచ్చాడు. నేను చూస్తూ ఉండగానే రాజోలు జంక్షన్లో వాడి వైపు పట్టాలు ఒక్కొక్క గడీ మాయమవడం మొదలైంది. పొరపాటున నొక్కాడేమో అనుకున్నాను. పావుగంటలో రాజోలు నుంచి వైనతేయ ఒడ్డు దాకా లైను లేదు. నా ప్యాసింజరు జంక్షన్లో ఆగిపోయింది.

రెండో ఆదివారం వైనతేయ వంతెన పోయింది. అవతల అమలాపురం స్టేషనూ పోయింది.

అప్పుడు రాశాను, ఐదేళ్లలో మొదటిసారి: "అన్నయ్యా, ఏంటిది?"

జవాబు లేదు. చుక్క మాత్రం వెలుగుతోంది.

మూడో ఆదివారం గౌతమి వంతెన తీసేశాడు. వాడు ఓపిగ్గా కట్టి, కమానులు కూడా పెట్టుకున్న వంతెన. అక్కడి నుంచి కోటిపల్లి స్టేషను దాకా తీసేశాడు. నాకు అర్థమైంది అనుకున్నాను. నాతో ఉన్న ఆ కాస్త కూడా తెంచుకుంటున్నాడు. మావారితో చెబితే, "ఫోన్ చేసి అడగొచ్చు కదా" అన్నారు. "నేనెందుకు చెయ్యాలండీ?" అన్నాను. ఆ వారంలో ఫోన్ నాలుగుసార్లు చేతిలోకి తీసుకున్నాను. నాలుగుసార్లూ పెట్టేశాను.

నాలుగో ఆదివారం నేను రెండు కాకముందే కూర్చున్నాను. వాడి చుక్క అప్పటికే వెలుగుతోంది. నరసాపురం దగ్గర వంతెన దాటి వెళ్లిన నా లైను రాజోలులో ఆగి, ఖాళీ నేల వైపు చూస్తూ ఉంది. ఆ చూపే నాకు భరించరానిదిగా అనిపించింది.

"సరే. నువ్వొక్కడివేనా తీసేసేది?" అని రాశాను. తర్వాత వశిష్ఠ వంతెన నేనే కూల్చేశాను. కూల్చి ఊరుకోలేదు. రాజోలు దాకా నా పట్టాలన్నీ పీకేశాను. పది నిమిషాలు పట్టింది. చివరి గడీ తీశాక తెర మొత్తం కనపడేలా ఫోన్‌తో ఫొటో తీసి, చేపల చెరువు దగ్గరున్న మావారికి పంపాను. కింద "అయిపోయింది" అని రాశాను. ఆ మెసేజి మీద టైము మధ్యాహ్నం 2:48.

ఇంకో నిమిషానికి అన్నయ్య చుక్క ఆరిపోయింది.

మంగళవారం పొద్దున్న చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, బయల్దేరావా?" అన్నాడు. ఎక్కడికి అన్నాను. "ప్రభాకరన్నయ్య పోయాడక్కా. ఆసుపత్రిలో ఉన్నాడని నీకు తెలుసనుకున్నాను" అన్నాడు.

రాజమండ్రి చేరేసరికి పదకొండయింది. అన్నయ్యని హాల్లో పడుకోబెట్టారు. తల ఒక పక్క గొరిగి ఉంది. సగానికి సగం అయిపోయాడు. సునీత వదిన గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను లతా, నువ్వు అనే మనిషి.

"రండి. కూర్చోండి" అంది.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. సమాధి దగ్గర మట్టి వెయ్యమని పాస్టరు గారు నాకు కూడా సైగ చేశారు. వేశాను.

ఆదరణ కూడిక ప్రార్థన అయిన మర్నాడు, బంధువులు వెళ్లిపోయాక, వదినా నేనూ వంటింట్లో కూర్చున్నాం. అప్పుడు చెప్పింది. అన్నయ్య ఒక గురువారం కాలేజీలో పడిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. అక్కడి నుంచి ఇంటికి రాలేదు. ఇరవై ఆరు రోజులు ఐసీయూలోనే ఉన్నాడు. మొదటి వారమే మాట పోయింది. రెండో వారం కుడి పక్కంతా పడిపోయింది. మూడో వారం ఊపిరి కూడా మిషను మీదే.

నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

"నాకెందుకు కబురు చెయ్యలేదు వదినా?"

"చేద్దామనే అనుకున్నానండి. ఫోన్ తీశాను కూడా. ఊరందరి ముందూ అంత మాటన్న మనిషి, ఇప్పుడొచ్చి ఆయన మంచం దగ్గర ఏం అంటారోనని భయమేసింది" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది.

తర్వాత ఇంకోటి చెప్పింది. "మావయ్యగారు కాలు తీయించుకోనన్నారు. ఈయనేమో ఆయన కాళ్లు పట్టుకుని బతిమాలారు. కాలు లేకుండా నన్ను బతికించొద్దురా, లతకి మాత్రం చెప్పకు, అదొచ్చి ఏడిస్తే నేను ఒప్పేసుకుంటాను అన్నారు. బైబిల్ మీద చెయ్యి వేయించుకున్నారు."

"నాన్న పోయాకైనా చెప్పొచ్చు కదా!"

"నేనూ అదే అన్నానండి. పోయిన మనిషి మీదకి నెట్టేసి నేను బయటపడనా అన్నారు."

వంటింట్లో ఫ్యాను తిరుగుతోంది. వదిన లేచి టీ పెట్టింది. తాగాను.

సాయంత్రం తేరుకుని అడిగాను, అన్నయ్య ల్యాప్‌టాప్ ఎవరు వాడుతున్నారని. ఎవరూ లేరంది. పడిపోవడానికి పదిహేను రోజుల ముందే పాడైతే దేవీచౌక్ వైపు రిపేరు షాపులో ఇచ్చాడట. ఇంకా తెచ్చుకోలేదంది. మర్నాడు నేనే వెళ్లాను. షాపతను పైఅర లోంచి తీసి చూపించాడు. తెర ఊడదీసి ఉంది. లోపలి బోర్డు లేదు. అన్నయ్య చేతిరాతతో పేరూ తేదీ రాసిన చీటీ దారంతో కట్టి ఉంది.

"బోర్డు పోయిందండి మేడమ్. కొత్తది రాలేదు. సార్ ఫోన్ ఎత్తట్లేదని పక్కన పెట్టేశాను" అన్నాడు.

కాలేజీలో కనుక్కున్నాను. ఆదివారాలు ల్యాబుకి తాళం. అన్నయ్య ఫోన్ ఆ నెలంతా వదిన హ్యాండ్‌బ్యాగులో స్విచాఫ్‌లో ఉంది. ఆ ఆట ఫోన్లో నడవదు కూడా. మేనకోడలు తల్లితో పాటు ఆసుపత్రిలోనే ఉంది. దానికా ఆట రాదు. వాళ్ల నాన్న పాస్‌వర్డ్ ఏంటో దానికీ తెలియదు, వదినకీ తెలియదు, నాకూ తెలియదు.

మిగిలింది కిరణ్. సర్వరు అతనిదే. అతను తలచుకుంటే ఏమైనా చెయ్యగలడు. ఫోన్ చేసి, కాస్త కటువుగానే అడిగాను. అతను నొచ్చుకోలేదు. లాగ్ చూసి అరగంటలో మళ్లీ చేశాడు.

"నాలుగు ఆదివారాలూ సార్ కంపెనీ జాయినైందక్కా. పాస్‌వర్డ్ ప్రతిసారీ మొదటి దెబ్బకే కరెక్టుగా కొట్టారు. ఎక్కడి నుంచి అన్నది నా సెట్టింగ్స్‌లో రికార్డవదు. సారే అనుకున్నాను" అన్నాడు. మళ్లీ తనే, "నా మీద అనుమానమైతే తప్పులేదక్కా. కానీ రెండో ఆదివారం మధ్యాహ్నం నా పెళ్లి. అన్నవరంలో పీటల మీద ఉన్నాను" అన్నాడు. పెళ్లి వీడియో పంపాడు. సత్యనారాయణస్వామి కొండ మీద, పసుపు బట్టల్లో, చెమటలు కారుతూ అతనే.

భీమవరం బయల్దేరే ముందు వదిన దగ్గర సెలవు తీసుకున్నాను. గుమ్మం దాకా వచ్చింది. ఏం తోచిందో, తనంతట తనే అంది.

"ఆఖరి ఆదివారం ఆశ పెట్టుకున్నామండి. పొద్దున్న తనే ఊపిరి తీసుకుంటున్నారని మిషను తీసేశారు. మధ్యాహ్నం రెండింటికి నన్ను లోపలికి పంపితే కళ్లు తెరిచి చూశారు. నా వేలు పట్టుకున్నారు. గట్టిగా. డాక్టరుగారు కూడా నవ్వారు. మూడవుతుందనగా ఉన్నట్టుండి చెయ్యి వదిలేశారు. మళ్లీ కళ్లు తెరవలేదు."

బస్సులో రావులపాలెం దాటాక ఫోన్ తీశాను. మావారికి పంపిన ఆ ఫొటో తెరిచి, వేళ్లతో పెద్దది చేశాను. ఆ రోజు నా కళ్లన్నీ నరసాపురం వైపే ఉన్నాయి. తూర్పు వైపు చూడనే లేదు. ఫొటోలో కోటిపల్లి దగ్గర స్టేషను మళ్లీ ఉంది. దాని నుంచి ఏటి గట్టు వైపు కొత్తగా వేసిన పట్టాలు నాలుగు గడులు ఉన్నాయి. మూడో ఆదివారం నేను చూసి వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. అది నాకు ఖాయంగా తెలుసు.

ఇంటికెళ్లి మ్యాపు తెరిచి చూశాను. నాలుగు గడులు. ఒడ్డుకి ఇంకా రెండు గడుల దూరంలో ఆగిపోయాయి.

ఇన్నాళ్లూ దీన్ని తిప్పి తిప్పి చూశాను. వాడు నన్ను తెంచుకున్నాడని మొదట అనుకున్నాను కదా, అదైతే నేను భరించగలను. నాకు తగినదే. రమ్మని పిలిచాడేమో అని ఒకసారి అనిపిస్తుంది. వాడి ఒంట్లో ఏది పడిపోతే మ్యాపులో అది పడిపోయిందేమో అని ఇంకోసారి అనిపిస్తుంది. అలాగైతే, మళ్లీ లేవబోతున్న మనిషి ఎదురుగా కూర్చుని 2:48కి నేను చేసిందేమిటి? మావారు, "పిచ్చి ఆలోచనలు మానెయ్" అంటారు. మెదడులో రక్తనాళం చిట్లినవాళ్లు ఒక్కోసారి తేరుకున్నట్టే కనిపించి పోతారని నాకు తెలిసిన డాక్టరు ఒకాయన చెప్పారు. నిజమే అయి ఉండొచ్చు. మరి ఆ పట్టాలు ఎవరు వేశారని ఆయన్ని అడగలేదు. అడిగితే నన్ను ఎలా చూస్తారో తెలుసు.

వదినకి ఈ మాట చెప్పలేదు. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తుంది. ఇప్పటికీ నన్ను మీరు అనే అంటుంది.

బండ్లు తిరగని కంపెనీని ఆ ఆట కొంతకాలం చూసి రద్దు చేసేస్తుంది. క్రితం ఏడాది ఒకరోజు తెర మీద ఆ వార్త వచ్చింది. వాడి స్టేషన్లూ, ఆ నాలుగు గడులూ మాయమై ఆ నేలంతా ఖాళీ అయిపోయింది. ఇప్పుడు రాజమండ్రి దాకా నేనే తిన్నగా లైను వేసుకోవచ్చు. అడ్డు చెప్పేవాళ్లు లేరు.

వెయ్యలేదు. ఆదివారం రెండింటికి తెరుస్తాను, కాసేపు చూస్తాను, మూసేస్తాను. అక్కడ నేనొక్కదాన్నే ఉంటాను. ఆ నాలుగు ఆదివారాలు నాతోపాటు అక్కడ ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.